పసిబిడ్డలతో దూరప్రయాణము

హైదరాబాదు నగరమునకు ఆగ్నేయమున నున్న బడంగ్‌పేట ప్రాంతము నేడు పెద్ద మార్గములకు కూడలియైనది. చేరువలోనే 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి. 2008లో తెఱవబడిన శంషాబాదు విమానాశ్రయము. తుక్కుగూడ మీదుగా శ్రీశైలము త్రోవ. శంషాబాదు మీదుగా కర్నూలు, బెంగుళూరు త్రోవ. పెద్ద అంబర్‌పేట మీదుగా విజయవాడ త్రోవ. సంక్రాంతికి, వేసవి సెలవులకు, పెండ్లిండ్లకు, మ్రొక్కుబళ్లకు ఇచ్చటినుండి వందలకొలది కుటుంబములు కార్లలో బయలుదేరుచున్నవి. వానిలో పసిబిడ్డలు లేని కారు అరుదు. మార్గములు బాగుపడినవి, వాహనములు బాగుపడినవి. బిడ్డల ప్రయాణము మాత్రము బాగుపడలేదని మా అభిప్రాయము.

చుట్టము గుమ్మము త్రొక్కినవెంటనే మనము వేయు మొదటి ప్రశ్న యేది? ‘ఎన్ని గంటలలో వచ్చితిరి?’ అనియే గదా! నాలుగు గంటలలో విజయవాడ చేరితిమనుట యొక ఘనత. ఆ నాలుగు గంటలలో మూడేండ్ల బిడ్డ యెన్నిమారులు దాహమనెను, ఎన్నిమారులు దిగవలెనని యేడ్చెను, ఎన్నిమారులు ‘ఇదిగో, వచ్చెడి బంకులో ఆపెదము’ అని మఱపింపబడెను, అను లెక్కను ఎవరును వ్రాసికొనరు. పైపెచ్చు బిడ్డ అల్లరి చేసినదందుము. తొందర మనది, నింద బిడ్డది.

ఈ విషయమున మన పెద్దలు మనకంటె వివేకవంతులు. ఎడ్లబండి దినములలో ప్రయాణమునకు కొలత గంట కాదు, మజిలీ. నీడయు నీరును గలచోట బండి విప్పవలసినదే. ఎద్దులకు విశ్రాంతి యీయక తప్పదు గనుక, బిడ్డలకును అది దక్కెడిది. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి 1831లో మరలివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రాచరిత్రలో మజిలీ వెంట మజిలీగా ఊళ్లను, వసతులను వర్ణించిరి. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో యతివెంట నడచిన గోపబాలుడు కథలు చెప్పినగాని రానని నియమము చేసికొనెను. విశ్రాంతి, వింత, కథ: పిల్లలను దూరము తీసికొనిపోవు విద్యకు ఇవియే మూడు సూత్రములు. నేడు ఎద్దులు పోయి యంత్రము వచ్చినది. యంత్రమునకు అలసట లేదు గనుక లోపల నున్నవారికిని లేదని భ్రమించుచున్నాము.

అయినను పెద్దల ఆచారములలో నేడు విడువవలసినది ఒకటి కలదు. ఎడ్లబండిలో తల్లి యొడియే బిడ్డకు క్షేమస్థానము. కారులో అది క్షేమస్థానము కాదు. ఈ మాట తల్లులకు, అందులోను అమ్మమ్మలకు, నాయనమ్మలకు కఠినముగా తోచవచ్చును. కాని లెక్కను చూడుడు. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు దేనినైన ఢీకొని తటాలున ఆగినచో, లోపలివారికి తగులు దెబ్బ మూడంతస్తుల మేడపైనుండి పడినదానితో సమానము. సెకనులో పదవవంతు కాలములో కారు ఆగినయెడల, 10 కిలోల బిడ్డను పట్టి నిలుపుటకు సుమారు 140 కిలోల బరువును మోయు బలము కావలెను. ఏ తల్లి చేతులకు అట్టి బలము కలదు? వేగము రెండింతలైనచో దెబ్బ నాలుగింతలగును. బాహ్యవలయ రహదారిపై గరిష్ఠవేగము 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచబడినదని జ్ఞప్తియందుంచుకొనవలెను. ప్రేమకు లోపము లేదు; లోపము బాహుబలమునకే.

ఈ వాదము అమెరికాలో నొకప్పుడు శాసనసభ వఱకు నడచినది. టెనెసీ రాష్ట్రమున రాబర్ట్ సాండర్స్ అను శిశువైద్యుని కృషివలన, పసిబిడ్డలను కారులో ప్రత్యేకపు సీటున కట్టి కూర్చుండబెట్టవలెనను చట్టము 1977లో పుట్టి, 1978 నుండి అమలునకు వచ్చినది. ఆ దేశమున నిట్టి చట్టములలో అదియే మొదటిది. అయితే సభ్యులు తల్లి చేతులలో నున్న బిడ్డకు మినహాయింపు నిచ్చిరి. ఆ మినహాయింపు బిడ్డలను నలిపివేయునదియే యని సాండర్స్ పోరాడెను. 1981లో అది తొలగింపబడినది. 1985 నాటికి ఆ దేశమున ప్రతి రాష్ట్రమును ఇట్టి చట్టమును చేసికొనినది.

మన దేశమున మాత్రము చట్టము లేదా? కలదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, పదునాలుగేండ్లు నిండని బిడ్డను బెల్టుతోగాని పిల్లల సీటుతోగాని భద్రపఱచక కారు నడుపువారికి 1,000 రూపాయల జరిమానా. చట్టమున్నది, ఆచారము లేదు. ఇందుకు నిదర్శనము శంషాబాదు విమానాశ్రయముననే కనబడును. అమెరికాలో ఒక్కనాడైన సీటు లేక కారెక్కని తెలుగు బిడ్డ, ఇచ్చట విమానము దిగి తాతగారి కారెక్కినంతనే నాయనమ్మ యొడిలో కూర్చుండును. సముద్రము దాటినంతమాత్రాన బిడ్డ మెడ గట్టిపడినదా? రాత్రింబవళ్లు తలక్రిందులైన ఆ బిడ్డను అదేపనిగా గుంటూరికో రాజమండ్రికో తరలించుటయు న్యాయము కాదు. ఒకదినము నిద్రపోనిచ్చి కదలుట మేలు.

పిల్లల సీటు వాడుకచే శిశుమరణములు సగమునకు మించి తగ్గునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. రెండేండ్లలోపు బిడ్డను వెనుక వరుసలో, కారు వెనుకవైపునకు ముఖముండునట్లు కూర్చుండబెట్టవలెను. తల బరువు, మెడ లేత గనుక. గాలిసంచి గల ముందు సీటున అట్లు కూర్చుండబెట్టుట మహాపాయము. కొంత పెరిగిన బిడ్డకు బెల్టు మెడకు తగులక భుజముపై పోవునట్లు ఎత్తుపీట వంటి సీటు కావలెను. ‘మా వాడు అందులో కూర్చుండడు, ఏడ్చును’ అందురు. మొదటిసారి శ్రీశైలమునకు పోవునాడు కట్టినచో ఏ బిడ్డయైన ఏడ్చును. నెల దినములు ముందుగా బాలాపురము బజారునకు, మీర్‌పేట బడికి పోవునప్పుడు అలవాటు చేసినచో, ఆ సీటు తనదేయని బిడ్డ గర్వించును. బాడుగ కారులో అది యుండకపోవచ్చును. సొంత సీటును వెంట తీసికొనిపోవలెను.

ఇక కాలనియమము. బిడ్డలు నిద్రలోనుందురని తెల్లవాఱుజామున రెండుగంటలకు బయలుదేరుట మనవారిలో వాడుక. బిడ్డ నిద్రించును, నిజమే; డ్రైవరునకు కనురెప్పలు వాలు వేళయు అదియే. తెలవాఱిన పిమ్మట బయలుదేరుట ఉత్తమము. నల్లమలలో మన్ననూరు ద్వారము రాత్రివేళ మూయుదురు గనుక, శ్రీశైలమునకు చీకటిలో పరుగెత్తుటవలన లాభమును లేదు. రెండుగంటల కొకమారు కారు నాపి, బిడ్డను దింపి పది నిమిషములు నడిపింపవలెను. అడవిలో మాత్రము దింపరాదు. కోతులకు తిండి చూపరాదు.

ఘాటు మలుపులలో పిల్లలకు వాంతులగుట సామాన్యము. చెవిలోపలి యింద్రియము కదలిక నెఱుగును. కన్ను ఫోనుపై నిలిచియుండును. ఈ రెంటికి పొత్తు కుదరకపోవుటచే కడుపు త్రిప్పును. కావున దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగునప్పుడు ఫోనును దాచి, దూరపు కొండను చూపవలెను. బయలుదేరుటకు ముందు నూనె పూరీలకు బదులు ఇడ్లీయో పెరుగన్నమో కొలదిగా పెట్టవలెను. మందు వైద్యుని అడుగక వేయరాదు. త్రోవలో మరమరాలు, అరటిపండు, కాచి చల్లార్చిన నీరు చాలును. వేరుసెనగ గింజలు మాత్రము పసిబిడ్డల గొంతున అడ్డుపడును. నిలిపిన కారులో బిడ్డను నిముషమైన ఒంటరిగా విడువరాదు. ఎండలో నిలిపిన కారు ఇరువది నిమిషములలో పదిహేను డిగ్రీల వఱకు వేడెక్కగలదు. ఫోను చేతికిచ్చుటకు బదులు, వచ్చెడి ఊరి పేరేమి, ఆ గుట్టపై గుడి యెవరిది, అని మాటలు పెట్టుడు. కథ చెప్పు నాయనమ్మకు కారులో గల స్థానమును ఏ యంత్రమును భర్తీ చేయజాలదు. ఒడి నిచ్చుటకు మాఱుగా ఆమె కథ నీయవలెను.

కుటుంబములు చేయవలసినది ఇది. సుంకము వసూలుచేయు వారు చేయవలసినదియు కలదు. పంతంగి, కొర్లపహాడు, చిల్లకల్లు సుంకపు గేట్లయొద్ద ప్రతి బండియు ఆగవలసినదే. అచ్చట స్త్రీలకు, బిడ్డలకు శుభ్రమైన మరుగుదొడ్లు, పాలిచ్చు తల్లులకు మఱుగైన గది, బిడ్డ నాలుగడుగులు వేయుటకు చెట్టునీడ ఎల్లప్పుడు సిద్ధముగా నుండవలెను. ధనము తీసికొనువారు మజిలీని గూడ నీయవలెనుగదా!

వచ్చెడి సంక్రాంతికి చుట్టములు గుమ్మము త్రొక్కినప్పుడు, ఎన్ని గంటలలో వచ్చితిరని అడుగుట మానుదము. ఎన్నిచోట్ల ఆగితిరి, బిడ్డ ఎచ్చట కూర్చుండెను అని అడుగుదము. ఇంటిపెద్ద అడుగు ప్రశ్నను బట్టియే కారు వేగము ఏర్పడును.