అద్దాలు సంచిలో కాదు, ముఖాన ఉండాలి

పదమూడు, పద్నాలుగేళ్ల బిడ్డకు కంటి డాక్టరు అద్దాలు రాసి ఇచ్చారంటే ఇంట్లో రెండు దిగుళ్లు మొదలవుతాయి. తల్లిదండ్రులది ఖర్చు గురించిన దిగులు. బిడ్డది ముఖం గురించిన దిగులు. మొదటిదాన్ని అందరూ పట్టించుకుంటారు. రెండోదాన్ని "చూపు కోసం పెట్టుకునేదానికి సోకులెందుకు?" అని కొట్టిపారేస్తారు. షాపులో చేతికందిన ఫ్రేము కొనేస్తారు. ఆ అద్దాలు బడి గేటు దగ్గరే సంచిలోకి పోతాయి.

మా కడియంలో పాఠాలు చెబుతూ ఇలాంటి పిల్లలను చాలామందిని చూశాం. బోర్డు మీద అక్షరాలు కనబడక కళ్లు చికిలిస్తారు, పక్కవారి పుస్తకంలో చూసి రాసుకుంటారు. "నీ ఐనక్ ఏది బేటా?" అంటే తల వంచుకుంటారు. ఇది ఒక్క మన ఊరి సంగతి కాదు. మెక్సికోలోని వహాకా ప్రాంతంలో ఉచితంగా కళ్లద్దాలు పొందిన 493 మంది పిల్లలను పరిశీలించిన అధ్యయనం 2006లో వెలువడింది. నూటికి 13 మందే అద్దాలతో కనిపించారు. మరో 34 మంది దగ్గర అద్దాలున్నా ముఖాన లేవు. ముఖం బాగుండదనే బెంగ, తోటివారి ఎగతాళి అందుకు ముఖ్య కారణాల్లో ఉన్నాయి.

మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభమైన 'కంటి వెలుగు' మొదట బడి పిల్లలకే పరీక్షలు చేసింది. పరీక్ష ఒక మెట్టు, అద్దాలు అందడం రెండో మెట్టు. వాటిని రోజూ పెట్టుకోవడం మూడో మెట్టు. దాన్ని ఎక్కించాల్సింది ఇంటివారే.

మొక్కను బట్టి కుండీ ఎంచాలని కడియం నర్సరీల వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్రేము సంగతీ అంతే. దాని వెడల్పు ముఖం వెడల్పుకు సరిపోవాలి. కాడలు కణతలను నొక్కకూడదు. కంటిపాప అద్దం మధ్యకు దగ్గరగా రావాలి. గుండ్రటి ముఖానికి మూలలు తేలిన ఫ్రేము, పలక ముఖానికి గుండ్రటి ఫ్రేము, పొడుగు ముఖానికి ఎత్తు ఎక్కువున్న ఫ్రేము సాధారణంగా నప్పుతాయి. ముక్కు దూలం చదునుగా ఉంటే, ముక్కు మీది మెత్తలను సర్దుకోగల లోహపు ఫ్రేము మేలు. వచ్చే ఏడాదికీ పనికొస్తుందని యూనిఫారంలాగా పెద్ద సైజు కొనకండి. అది జారుతుంది, చూపూ సరిగా కుదరదు.

మైనస్ పవరు ఎక్కువైతే అద్దం అంచులు మందమవుతాయి. ఫ్రేము పెద్దదైన కొద్దీ ఆ మందం పెరుగుతుంది. అలాంటి బిడ్డకు చిన్న ఫ్రేము, అంచును కప్పే ప్లాస్టిక్ చట్రం ఎంచండి. ఆటలాడే పిల్లలకు గాజు వద్దు, దెబ్బకు తట్టుకునే పాలీకార్బొనేట్ అద్దాలు అడగండి.

స్కార్ఫు ధరించే అమ్మాయిలు అదే స్కార్ఫుతో షాపుకు వెళ్లి ఫ్రేము పెట్టి చూసుకోవాలి. కాడలు సన్నగా, తిన్నగా ఉంటే చెవుల దగ్గర నొప్పి ఉండదు. అబ్బాయిలైనా, అమ్మాయిలైనా సజ్దాలో వంగినట్టు తల వంచి చూడాలి. జారితే అక్కడే బిగింపు సర్దించుకోవాలి.

ఇంకొక మాట బాధతోనే రాస్తున్నాం. "ఆడపిల్లకు అద్దాలు పెడితే రేపు సంబంధాలు రావు" అని డాక్టరు చీటీని బీరువాలో దాచేసే ఇళ్లున్నాయి. పెట్టుకోకపోతే పవరు తగ్గదు, పెట్టుకున్నందువల్ల పెరగదు. తగ్గేది ఆ అమ్మాయి చదువే. ఎప్పుడో రాబోయే పెళ్లిచూపుల కోసం ఇవాళ్టి చూపును దూరం చేయడం ఏ విధంగా న్యాయం?

ఇక 'సోడాబుడ్డి', 'నాలుగు కళ్లోడు' అనే పిలుపులు. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, చెడ్డపేర్లు పెట్టి పిలవవద్దని దివ్య ఖుర్ఆన్ సూరా హుజురాత్ 11వ ఆయత్‌లో స్పష్టంగా ఆదేశించింది. ఆ మాటలు చాలాసార్లు ముందు ఇంట్లో అన్న నోటనో, మామయ్య నోటనో వస్తాయి. ముందు అక్కడ ఆపాలి. తర్వాత బడిలో ఆపడం మాబోటి ఉపాధ్యాయుల బాధ్యత.

కాబట్టి షాపుకు బిడ్డను వెంట తీసుకెళ్లండి. మీ స్తోమతకు తగిన నాలుగైదు ఫ్రేములు తీయించి, సైజు, బిగింపు మీరు చూడండి. వాటిలో ఒకటి ఎంచుకునే హక్కు బిడ్డకే వదలండి. ఏడాదికోసారి పవరు పరీక్ష చేయించండి, ముఖం ఎదిగిందేమో కూడా చూడండి. తానే ఎంచుకున్న అద్దాలను తీసి దాచాలని ఏ బిడ్డకూ అంత తేలికగా అనిపించదు.