రెట్ సిండ్రోమ్: నజర్ కాదు, తల్లి తప్పూ కాదు.. మెదడులో ఒక ప్రొటీన్ లోపం

ఏడాది వరకు పాప బాగానే ఉంటుంది. నవ్వుతుంది, బొమ్మలు పట్టుకుంటుంది, ‘అమ్మీ’, ‘అబ్బా’ అనడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా ఆ మాటలు పోతాయి. చేతితో ఏదీ పట్టుకోలేకపోతుంది. రెండు చేతులూ కలిపి పిండుతున్నట్టు, కడుక్కుంటున్నట్టు అదే పనిగా తిప్పుతుంటుంది. కొందరికి ఫిట్స్ వస్తాయి, ఊపిరి లయ తప్పుతుంది. ఇలాంటప్పుడు ఇంట్లో వినిపించే మాటలు రెండే: ‘ఎవరిదో నజర్ తగిలింది’, లేదంటే ‘తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏదో తప్పు చేసింది’.

డాక్టర్లు దీన్ని రెట్ సిండ్రోమ్ అంటారు. వియన్నా డాక్టర్ ఆండ్రియాస్ రెట్ 1966లో దీని గురించి మొదట రాశారు. దాదాపు 10 వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇది వస్తుంది. కారణం 1999లో బయటపడింది. బీరూట్‌లో పుట్టి, లెబనాన్ అంతర్యుద్ధం వల్ల అమెరికా వెళ్లిన డాక్టర్ హుదా జోగ్బీ బృందం ‘మెక్‌పీ2’ అనే జన్యువులో లోపాన్ని గుర్తించింది.

ఆ ప్రొటీన్ పనేంటి?

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే జన్యువులు ఉంటాయి. ఏ కణంలో ఏది ఎంత పనిచేయాలన్నదే అసలు సంగతి. అందుకోసం డీఎన్‌ఏ మీద మిథైల్ అనే చిన్న గుర్తులుంటాయి. మెక్‌పీ2 ప్రొటీన్ ఆ గుర్తుల మీద కూర్చుని, జన్యువుల జోరు తగ్గిస్తుంది. ఫ్యాన్‌కు రెగ్యులేటర్ ఎలాగో, జన్యువులకు ఇది అలాగన్నమాట. పుట్టాక మెదడు కణాలు ఎదిగేకొద్దీ దీని అవసరం పెరుగుతుంది. అందుకే మొదటి నెలల్లో లోపం పైకి కనిపించదు.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లలకు రెండు ఎక్స్‌లు. ఒక్కో కణంలో ఒక్కటే పనిచేస్తుంది కాబట్టి కొన్ని కణాలైనా సరిగ్గా ఉంటాయి. మగపిల్లలకు ఒక్కటే ఎక్స్. అందుకే వాళ్లకు లోపం వస్తే పరిస్థితి ఇంకా తీవ్రంగా ఉంటుంది.

దాదాపు అన్ని కేసుల్లోనూ ఈ లోపం కొత్తగా వచ్చిందే, తరతరాలుగా వచ్చింది కాదు. ఎక్కువసార్లు తండ్రి వీర్యకణం తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది. అది ఎవరి చేతుల్లోనూ లేని విషయం. కాబట్టి తల్లిని తప్పుబట్టడం అన్యాయం. మేనరికాల వల్ల కొన్ని జన్యు జబ్బుల ముప్పు పెరిగే మాట నిజమే. కానీ ఇది వాటిలో ఒకటి కాదు.

ఆశ ఉందా?

2007లో ఆడ్రియన్ బర్డ్ బృందం జబ్బు ముదిరిన ఎలుకల్లో ఈ జన్యువును తిరిగి పనిచేయించింది. చాలా లక్షణాలు తగ్గిపోయాయి. అంటే మెదడు కణాలు చచ్చిపోలేదు, సరైన ప్రొటీన్ కోసం ఎదురుచూస్తున్నాయి. 2023లో అమెరికా ట్రోఫినెటైడ్ అనే మందుకు అనుమతిచ్చింది. అది లక్షణాలను కొంత తగ్గిస్తుంది తప్ప జబ్బును మాన్పదు. జన్యు చికిత్స మనుషుల మీద పరీక్షల్లో ఉంది. అయితే ఈ ప్రొటీన్ ఎక్కువైనా ప్రమాదమే. డోసు కుదరడమే అసలు కష్టం.

వచ్చిన మాటలు పోతున్నా, చేతుల పట్టు తప్పుతున్నా తాయెత్తులతో నెలలు గడపొద్దు. వెంటనే పిల్లల న్యూరాలజిస్టుకు చూపించాలి. రక్తంతో చేసే జన్యు పరీక్షలో సాధారణంగా విషయం తేలిపోతుంది. ఫిజియోథెరపీ, ఫిట్స్ మందులు, సరైన తిండి పాపకు ఎంతో మేలు చేస్తాయి. మాట లేకపోయినా ఈ పిల్లలు కళ్లతో చాలా చెబుతారు. ఇంట్లోవాళ్లు ఆ చూపును గమనించి, పాపతో మాట్లాడుతూనే ఉండాలి.