ఈ ఆట మన కంప్యూటరులో నడచునా?

క్రొత్త వీడియో గేము విడుదల కాగానే పిల్లలు పెద్దలను అడుగు ప్రశ్న ఒకటే: కొనిపెట్టెదరా? పెద్దలు ముందుగా అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: మన కంప్యూటరులో అది నడచునా? ఈ రెండవ ప్రశ్నకు సమాధానము తెలియకయే ఆటను కొని, గంటల తరబడి డౌన్‌లోడు చేసి, తుదకు నల్లని తెరను చూచుచు కూర్చున్నవారు పలువురు. అంతకంటె ఎక్కువ నష్టపడినవారును కలరు. ఒక ర్యాము ముక్కను చేర్చిన సరిపోవు చోట, దుకాణదారుని మాట నమ్మి కంప్యూటరునే మార్చినవారు వీరు.

ఆటను అమ్ముచోటనే, స్టీమ్ వంటి అంగడులలో, ప్రతి ఆటకును "సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్" అను పట్టిక యుండును. అందు సాధారణముగా రెండు వరుసలు: మినిమం, రికమెండెడ్. మినిమం ఉన్నచో హాయిగా ఆడుకొనవచ్చునని మనలో చాలమంది తలంపు. అది సరికాదు. "సైబర్‌పంక్ 2077" సంగతి చూతము. 2020 డిసెంబరులో వెలువడిన ఈ ఆటకు నిర్మాతలు 2023లో అవసరములను పెంచిరి. కనీసము 12 జీబీ ర్యాము, 6 జీబీ మెమరీ గల జి.టి.ఎక్స్. 1060 కార్డు లేక దానికి సమానమగు మరియొకటి, 70 జీబీ ఖాళీ గల ఎస్.ఎస్.డి. కావలెననిరి. ఇన్నియు సమకూర్చినను లభించునది 1080పి తెరపై, తక్కువ చిత్రనాణ్యతతో, సెకనుకు 30 ఫ్రేములు మాత్రమే. ఆట సాగును, కనులకు మాత్రము విందు కాదు. మంచి నాణ్యతతో 60 ఫ్రేములు రావలెనన్న 16 జీబీ ర్యాము, ఆర్.టి.ఎక్స్. 2060 సూపర్ వంటి కార్డు ఉండవలెను. ఇదే ఆట మొదట సాధారణ హార్డు డిస్కుతో తృప్తిపడినదని మరువరాదు. పాత సమీక్షలలోని అంకెలను నమ్మక, నేటి పట్టికనే చూడవలెను.

ఇక మన యంత్రమున ఏమున్నదో తెలిసికొనుట సులభము. విండోస్‌లో కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కినచో టాస్క్ మేనేజరు తెరచుకొనును. అందలి "పెర్ఫార్మెన్స్" భాగమున ప్రాసెసరు, ర్యాము, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు వివరములు కనబడును. గ్రాఫిక్స్ మెమరీ రెండు విధములుగా చూపబడును. "డెడికేటెడ్" అనునదే కార్డు సొంత ఆస్తి. "షేర్డ్" అనునది ర్యాము నుండి తెచ్చుకొను చేబదులు. చేబదులును ఆస్తిలో కలిపి లెక్కించిన లెక్క తప్పును.

కార్డు పేరులోని సంఖ్యలును మనలను మోసగించును. జి.టి.ఎక్స్. 1650 కంటె 1080 చిన్న సంఖ్యయే, అయినను బలమున 1080యే మిన్న. మొదటి అంకెలు తరమును, చివరి రెండంకెలు అంతస్తును తెలుపును. ల్యాప్‌టాపుల విషయమున మరింత జాగరూకత అవసరము. ఆర్.టి.ఎక్స్. 4070 బల్లమీది కంప్యూటరులో 12 జీబీ మెమరీతో వచ్చును. అదే పేరు గల ల్యాప్‌టాపు కార్డున 8 జీబీయే.

బలమున్నను పనికిరాని సందర్భము కూడ కలదు. 2024 డిసెంబరులో వచ్చిన "ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్" ఆటకు, వెలుగుకిరణముల గమనమును లెక్కించు "రే ట్రేసింగ్" సాధనము కార్డులోనే ఉండి తీరవలెను. 2017 నాటి జి.టి.ఎక్స్. 1080 టి.ఐ. కార్డునకు 11 జీబీ మెమరీ యున్నది, ఆ సాధనము లేదు. ఆట కోరిన కనీసపు కార్డు 8 జీబీ గల ఆర్.టి.ఎక్స్. 2060 సూపర్. షార్టువేవ్ బ్యాండు లేని రేడియో ఎంత గట్టిగా మ్రోగినను విదేశ ప్రసారమును వినిపింపజాలదు గదా!

ఇందుకు విపరీతమైన సంగతి మరొకటి. విండోస్ 11లో "వాలరెంట్" ఆడవలెనన్న టి.పి.ఎమ్. 2.0, సెక్యూర్ బూట్ అనునవి పనిచేయుచుండవలెను. ఇవి బలమునకు సంబంధించినవి కావు, మోసగాండ్రను అరికట్టుటకు ఏర్పరచినవి. పెక్కు యంత్రములలో ఇవి ఉండియు, బయాస్ అమరికలో ఆపివేయబడి యుండును. ఆట తెరచుకొనలేదని క్రొత్త యంత్రము కొనుటకు ముందు ఈ అమరికను చూడుట మేలు.

పట్టికను చదివినను సందేహము తీరనిచో పరీక్షించి చూచుటయే మార్గము. "బ్లాక్ మిత్: వుకాంగ్" నిర్మాతలు 2024 ఆగస్టులో, ఆట విడుదలకు ముందే, ఉచితముగా ఒక బెంచ్‌మార్కు సాధనమును ఇచ్చిరి. దానిని నడిపినచో సెకనుకు సగటున ఎన్ని ఫ్రేములు వచ్చునో అదియే చెప్పును. ఇట్టిది లేని ఆటను స్టీమ్‌లో కొన్నచో, 14 దినములలోపల, 2 గంటలకు మించి ఆడకయున్న యెడల సొమ్మును తిరిగి కోరవచ్చును. అయితే ఆట తెరచియుంచిన కాలమంతయు లెక్కకు వచ్చును. తెరచి భోజనమునకు పోరాదు.

లోపము ర్యామునందో డిస్కునందో ఉన్నచో, పెక్కు కంప్యూటరులలో వానిని మార్చుట కష్టము కాదు. ల్యాప్‌టాపులో గ్రాఫిక్స్ కార్డును మార్చుట మాత్రము సాధారణముగా సాధ్యపడదు. బల్లమీది కంప్యూటరునకు క్రొత్త కార్డు కొనునప్పుడు, దానికి చాలినంత విద్యుత్తును అందించు ఎస్.ఎమ్.పి.ఎస్. ఉన్నదో లేదో, పెట్టెలో ఆ కార్డు పట్టునో పట్టదో కొలిచి చూచిన పిమ్మటనే దుకాణమునకు పోవలెను.