పరీక్షనాళికలో పసుపు, పసుపులో సీసం

మన హాస్టల్లో ఇంటర్ సైన్సు చదివే తమ్ముళ్లకు ప్రాక్టికల్స్ అనగానే లవణ విశ్లేషణ భయం పట్టుకుంటుంది. ఆ భయంలో కాస్త ఊరటనిచ్చే లవణం లెడ్ నైట్రేట్. దాని ద్రావణంలో నాలుగు చుక్కలు పొటాషియం క్రోమేట్ వేస్తే చాలు, క్షణంలో చిక్కటి పసుపుపచ్చ అవక్షేపం వస్తుంది. "లెడ్ ఉన్నట్లు నిర్ధారణ అయినది" అని రాసి, నాళిక కడిగేసి బయటపడతాం. ఆ అవక్షేపమే లెడ్ క్రోమేట్. మార్కుల కోసం మనం తయారుచేసే ఈ విషాన్నే కొన్నిచోట్ల పసుపు కొమ్ములకు పూసి అమ్మారంటే నమ్ముతారా?

ఈ పదార్థం ప్రకృతిలోనూ దొరుకుతుంది. రష్యాలోని ఊరల్ పర్వతాల గనుల్లో ఎర్రని స్ఫటికాలుగా బయటపడిన ఈ ఖనిజం పేరు క్రోకోయిట్. 1797లో ఫ్రెంచి శాస్త్రవేత్త వోక్లాన్ దీనిలోనే క్రోమియం అనే కొత్త మూలకాన్ని కనుగొన్నాడు. గ్రీకు భాషలో క్రోమా అంటే రంగు. ఆ తరువాత 'క్రోమ్ యెల్లో' పేరుతో ఇది చిత్రకారుల రంగుపెట్టెల్లోకి, పెయింట్లలోకి, రోడ్ల మీద గీసే పచ్చగీతల్లోకి చేరింది. వాన్ గో పొద్దుతిరుగుడు పూలకు వాడింది కూడా ఈ రంగే.

దీని బరువులో దాదాపు 64 శాతం సీసమే. నీటిలో ఇంచుమించు కరగదు. ఎసిటికామ్లంలోనూ కరగదు. విలీన నత్రికామ్లంలో, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరుగుతుంది. "నీటిలో కరగనప్పుడు తిన్నా బయటికి పోతుంది కదా" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ మన కడుపులో ఉన్నది నీళ్లు కాదు, హైడ్రోక్లోరికామ్లం. అక్కడ కొంత భాగం కరిగి రక్తంలో కలుస్తుంది. ఇక పొడిగా గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి వెళితే, ఇందులోని ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్‌కు కారణమవుతుంది.

సీసం చేసే మోసం ఏమిటంటే, శరీరం దాన్ని కాల్షియం అనుకుంటుంది. ఎముకల్లో చేర్చుకొని ఏళ్ల తరబడి దాచుకుంటుంది. గర్భిణి నుంచి కడుపులోని బిడ్డకూ చేరుతుంది. పెద్దల కంటే పిల్లల పేగులు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. అంటే సరైన తిండి లేని పేదపిల్లలకే దెబ్బ గట్టిగా తగులుతుంది. జ్వరం రాదు, నొప్పి ఉండదు, తెలివి మాత్రం తగ్గుతుంది. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చదువు ఎక్కని పిల్లవాణ్ణి మొద్దు అని తేలిగ్గా అనేసేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

బంగ్లాదేశ్ పల్లెల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉండటం చూసి, అది ఎక్కడినుంచి వస్తోందని పరిశోధకులు వెతికారు. రక్తంలోని సీసపు ఐసోటోపుల నిష్పత్తిని అనుమానం ఉన్న వస్తువులతో పోల్చారు. అది పసుపుతో సరిపోయింది. ఈ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. 1980లలో వరదలకు తడిసి కొమ్ములు రంగు తగ్గినప్పుడు ఈ పూత అలవాటు మొదలైందని అక్కడివారు చెప్పారు. ప్రభుత్వం పత్రికల్లో హెచ్చరికలు వేయించింది, మార్కెట్లలో నోటీసులు అంటించింది, కల్తీ పసుపు అమ్మిన వ్యాపారులకు అందరి ముందే జరిమానా వేసింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో ఉన్న సీసపు కల్తీ 2021 నాటికి సున్నాకు వచ్చింది. విషం తీసేయడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదని ఇక్కడ తెలుస్తుంది.

మన దేశంలో పసుపులో సీసం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో పాట్నాలో సేకరించిన పసుపులో అది వెయ్యి దాటింది.

మా అమ్మ పసుపు పనికి కూలికి వెళుతుంది. ఉడికించి, ఎండబెట్టిన కొమ్ముల్ని డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలి కొమ్ము నునుపు తేలుతుంది. దీన్నే పాలిష్ అంటారు. బంగ్లాదేశ్‌లో రంగు కలిపింది ఈ దశలోనే. నిజామాబాద్ అయినా దుగ్గిరాల అయినా, అసలు కొమ్ము పైన మసక రంగులోనే ఉంటుంది. మనమే తళతళలాడేదానికి ఎక్కువ ధర ఇస్తాం!

పసుపులో హైడ్రోక్లోరికామ్లం వేస్తే వచ్చే గులాబీ రంగు నీళ్లు పోసినా పోకపోతే కల్తీ అని చదువుకున్నాం. ఆ పరీక్ష మెటానిల్ యెల్లో అనే రంగుకే, సీసానికి కాదు. కొమ్మును గాజుగ్లాసు నీళ్లలో వేస్తే వెంటనే చిక్కటి రంగు వదిలితే అనుమానించాలి. ల్యాబులో అయితే పసుపును కాల్చి, బూడిదను విలీన సల్ఫ్యూరికామ్లంలో కరిగించి వడగట్టి, డైఫినైల్ కార్బజైడ్ వేయాలి. గులాబీ రంగు వస్తే క్రోమేట్ ఉన్నట్లే.

మెస్ కమిటీ తమ్ముళ్లు విడిపొడి బదులు కొమ్ములు తెప్పించి మర పట్టిస్తే, గ్లాసు పరీక్ష మనమే చేసుకోవచ్చు. ల్యాబులో పచ్చటి అవక్షేపాన్ని సింకులో పారబోయకుండా వేరే సీసాలో పోసి అటెండరుకు ఇవ్వండి. ఆ చేతులతోనే టిఫిన్ డబ్బా విప్పకండి.