మస్టర్లూ కోబాలూ

కాలేజీలో మాకు కోబాల్ నేర్పినప్పుడు ఇచ్చిన మొదటి లెక్క జీతాల పట్టీ. వ్యాపార లెక్కల కోసమే 1959లో మొదలుపెట్టిన భాష ఇది. 'గో టు' ఆజ్ఞ హానికరమని 1968లో డైక్‌స్ట్రా రాశాక, ప్రోగ్రాం ఎటుబడితే అటు దూకకుండా వరుస, షరతు, ఆవృత్తి అనే మూడింటితోనే కట్టే పద్ధతి బలపడింది. గోదావరిఖని గని కార్మికుల పిల్లలం, మాకిది కొత్తేం కాదు. ఒక్కో కార్మికుని రికార్డు చదువు, మస్టర్లను రోజు కూలితో హెచ్చించు, ఓవర్‌టైం ఉంటే కలుపు, కోతలు తీసెయ్, ఫైలు అయిపోయేదాక ఇదే చెయ్. నాయిన జీతం చిట్టీ ముందేసుకొని ఇంట్లో మేం చేసిన పనే.

పుస్తకం చెప్పనిది ఒకటుంది. ఫైల్లో రికార్డే లేని మనిషిని ప్రోగ్రాం చదవదు, తప్పని కూడా చూపదు. కాంట్రాక్టరు కింద ఊడ్చే పనికి పోయిన మా వాడ ఆడవాళ్ల మస్టర్లు అతని నోటుబుక్కులోనే ఉండేవి.