ఎస్ఏసీడీ వర్సెస్ సీడీ: ఎక్కువ డబ్బు పెడితే తేడా నిజంగా వినిపిస్తుందా?

ఒకే ఆల్బమ్ మామూలు సీడీగానూ, సూపర్ ఆడియో సీడీ అంటే ఎస్ఏసీడీగానూ దొరుకుతుంటుంది. రెండో దాని ధర ఎక్కువ. పైగా అందులోని హై-రెజల్యూషన్ ఆడియో వినాలంటే దానికి తగ్గ ప్లేయర్ కూడా కొనాలి. మరి అంత ఖర్చు పెడితే మన చెవికి దక్కేదేంటి? జేబులో చెయ్యి పెట్టే ముందు ఈ లెక్క ఓసారి చూసేయండి.

అంకెల్లో ఎవరిది పైచేయి?

సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించిన సీడీ 1982లో మార్కెట్లోకి వచ్చింది. ఇందులో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. అవే రెండు కంపెనీలు 1999లో ఎస్ఏసీడీని తెచ్చాయి. ఇది వాడేది ఒక్క బిట్టే కానీ, సెకనుకు 28 లక్షలకు పైగా శాంపిల్స్ తీసుకుంటుంది.

ఇలా చూస్తే సీడీ బాగా వెనకబడినట్టే అనిపిస్తుంది. అయితే మెలిక ఇక్కడే ఉంది. సీడీలో దాదాపు 22 కిలోహెర్ట్జ్ వరకు శబ్దాలు రికార్డవుతాయి. మన చెవి పరిధేమో సుమారు 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది.

పరీక్షల్లో ఏం తేలింది?

అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. హై-రెజల్యూషన్ డిస్కులను ఒకసారి నేరుగా, ఇంకోసారి సీడీ స్థాయికి తగ్గించి వినిపించారు. ఏది ఏదో ముందుగా చెప్పలేదు. 554 ప్రయత్నాల్లో 276 సార్లే సరైన జవాబు వచ్చింది. అంటే బొమ్మా బొరుసా వేసినట్టే! కొన్ని డిస్కుల్లోని అసలు రికార్డింగే హై-రెజల్యూషన్ కాదన్న విమర్శ కూడా దీనిపై ఉంది. 2016లో జాషువా రీస్ అనే పరిశోధకుడు 18 అధ్యయనాలను కలిపి చూస్తే సరైన జవాబులు 52 శాతం చిల్లర వచ్చాయి. వినడంలో శిక్షణ పొందినవాళ్లు ఇంకాస్త మెరుగ్గా చెప్పగలిగారు. కాబట్టి తేడా అసలు లేదనలేం, కానీ చాలా తక్కువ.

మరి ఎస్ఏసీడీ బాగుందని అంతమంది ఎందుకంటారు?

చాలావరకు మాస్టరింగ్ వల్ల. మామూలు సీడీలను గట్టిగా వినిపించాలని మెల్లని చోట్లను కూడా పైకి లేపేసి విడుదల చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎస్ఏసీడీ కొనేవాళ్లు శ్రద్ధగా వింటారు కాబట్టి, వాళ్ల కోసం జాగ్రత్త తీసుకుంటారు. అంటే మీకు నచ్చుతున్నది ఫార్మాట్ కాదు, దాని వెనకున్న ఇంజినీర్ పని.

మీరే చెక్ చేయాలంటే, సీడీ లేయర్ కూడా ఉన్న హైబ్రిడ్ ఎస్ఏసీడీ తీసుకోండి. వాల్యూమ్ రెండింటికీ సమానంగా పెట్టండి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేదే బాగున్నట్టు అనిపిస్తుంది. లేయర్ మార్చే పని వేరేవాళ్లకు అప్పగించండి. రెండు లేయర్ల మాస్టరింగ్ వేరుగా ఉండొచ్చన్నది మాత్రం మర్చిపోవద్దు.

ఫోన్‌లో బ్లూటూత్ మీద వినేవాళ్లకు ఇంకో మాట. ఎల్‌డాక్ కోడెక్ గరిష్ఠంగా పంపేది 990 కేబీపీఎస్. సీడీకి కావాల్సింది 1,411. ఇక హై-రెజల్యూషన్ సంగతి చెప్పేదేముంది!

ఫైనల్‌గా మా సలహా: ముందు మంచి హెడ్‌ఫోన్స్ లేదా స్పీకర్లు కొనండి. ఆ తర్వాత బాగా మాస్టర్ చేసిన ఆల్బమ్ వెతకండి. అది సీడీ అయినా నిశ్చింతగా కొనేయొచ్చు.