ఫోన్‌లో పుట్టే రొదను ఎటు మళ్లించాలి?

ఒకప్పుడు ఫోన్ మోగడానికి క్షణం ముందే పక్కనున్న రేడియోనో, కంప్యూటర్ స్పీకరో ‘టకటక బుర్ర్’మని కబురు చెప్పేసేది. 2జీ ఫోన్ టవర్‌కు సిగ్నల్‌ను తెరలు తెరలుగా పంపుతుంది. సెకనుకు సుమారు 217 సార్లు, ఒక్కోసారి 577 మైక్రోసెకన్ల పాటు. ఆ తాకిడి స్పీకర్ తీగల్లోకి చొరబడి మన చెవిన పడేది. 3జీ, 4జీ వచ్చాక ఆ చప్పుడు దాదాపు మాయమైంది. అయితే ఫోన్ లోపల మరో రొద ఉంది. మన చెవికి అందదు గానీ ఫోన్‌లోని రిసీవర్‌కు బాగా తగులుతుంది. విచిత్రమేమిటంటే, అది పుట్టేది బ్యాటరీని ఆదా చేయడానికి పెట్టిన భాగంలోనే.

టవర్‌కు సిగ్నల్ పంపే దారిలో చివరి మెట్టు పవర్ ఆంప్లిఫయర్. 4జీ ఫోన్ సాధారణంగా గరిష్ఠంగా పంపేది 200 మిల్లీవాట్లు. టవర్ దగ్గర్లో ఉంటే అందులో వెయ్యో వంతు కూడా చాలు. ఎంత పంపాలో టవరే చెబుతుంది. 3జీలో ఆ ఆదేశం సెకనుకు 1500 సార్లు వస్తుంది. బ్యాటరీ వోల్టేజీ మాత్రం నాలుగు వోల్టులకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది. చిన్న సిగ్నల్‌కు కూడా ఆంప్లిఫయర్‌కు అంత వోల్టేజీ ఇస్తే, వాడుకోని కరెంటంతా వేడిగా పోతుంది.

అందుకే బ్యాటరీకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఒక కన్వర్టర్ పెడతారు. అందులోని ట్రాన్సిస్టర్ స్విచ్ సెకనుకు పదుల లక్షల సార్లు పడుతూ లేస్తూ ఉంటుంది. సగం సేపు కలిపి ఉంచితే సగటున సగం వోల్టేజీ, పావు సేపు కలిపితే పావు. తర్వాత ఉండే కాయిల్, కెపాసిటర్ ఆ ముక్కలను సాపు చేసి నిలకడైన వోల్టేజీగా ఇస్తాయి. పదింట తొమ్మిది పాళ్లకు పైగా శక్తి వృథా కాకుండా చేరుతుంది.

కానీ ఎంత సాపు చేసినా చిన్న అల మిగులుతుంది. దాన్ని రిపుల్ అంటారు. ఆంప్లిఫయర్‌కు వచ్చే వోల్టేజీ అలలా ఊగితే, బయటికి పోయే సిగ్నల్ కూడా ఊగుతుంది. ఆ ఊగుడు వల్ల అసలు సిగ్నల్‌కు రెండు పక్కలా కొత్త సిగ్నళ్లు పుడతాయి. స్విచ్ 3 మెగాహెర్ట్జ్‌లో కొట్టుకుంటుంటే, అవి 3, 6, 9, 12 మెగాహెర్ట్జ్ దూరాల్లో గీతల్లా నిలబడతాయి. దూరం పోయేకొద్దీ బలం తగ్గుతుంది, అంతే.

చిన్న అలే కదా అనిపిస్తుంది. ఒక లెక్క చూద్దాం. మన దేశంలోనూ 4జీకి వాడుతున్న 850 బ్యాండ్‌లో ఫోన్ ఏకకాలంలో పంపుతుంది, వింటుంది. 835 మెగాహెర్ట్జ్‌లో పంపుతుంటే 880లో వింటుంది. మధ్య దూరం ఎప్పుడూ 45. పంపేది 200 మిల్లీవాట్లయితే, సిగ్నల్ సరిగా అందని చోట టవర్ నుంచి ఫోన్‌కు చేరేది అందులో రెండు లక్షల కోట్లలో ఒక వంతు ఉండొచ్చు. రెండూ ఒకే యాంటెన్నా మీద నడుస్తాయి. డ్యూప్లెక్సర్ అనే ఫిల్టర్ వాటిని విడదీస్తుంది. పంపే వైపు నుంచి 880లోకి వచ్చే చెత్తను అది సుమారు లక్షో వంతుకు తగ్గిస్తుంది. అంటే పంపే సిగ్నల్‌లో రెండు కోట్లలో ఒక వంతు 880 దగ్గర రొదగా తేలినా చాలు, ఫిల్టర్ దాటాక అది టవర్ మాటతో సమానమైపోతుంది. ఇక 3 మెగాహెర్ట్జ్ స్విచ్‌కు పదిహేనో గీత ఎక్కడ పడుతుంది? సరిగ్గా 45 దగ్గర. ఫోన్ తన మాటతో తనకే చెవుడు తెచ్చుకుంటుంది.

మొదటి మందు, పెద్ద కాయిల్, పెద్ద కెపాసిటర్. రిపుల్ తగ్గుతుంది. కానీ ఫోన్‌లో చోటు లేదు. పైగా టవర్ ఆదేశాన్ని బట్టి వోల్టేజీ మైక్రోసెకన్లలో మారాలి. పెద్ద కెపాసిటర్ అంత వేగంగా నిండదు, ఖాళీ కాదు.

రెండోది, స్విచ్ వేగం పెంచడం. అవే కాయిల్, కెపాసిటర్‌తో వేగం రెట్టింపు చేస్తే రిపుల్ పావు వంతుకు పడిపోతుంది. గీతల మధ్య ఎడం కూడా పెరుగుతుంది. 3 మెగాహెర్ట్జ్ ఎడంతో ఉన్న గీతలను ఎటు జరిపినా, 5 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానెల్‌లో ఏదో ఒకటి పడక తప్పదు. అదే స్విచ్‌ను 10 మెగాహెర్ట్జ్‌లో నడిపితే గీతలు 40 దగ్గర, 50 దగ్గర పడి, 45ను వదిలేస్తాయి. అయితే స్విచ్ పడిన ప్రతిసారీ, లేచిన ప్రతిసారీ కొంత శక్తి పోతుంది. వేగంతో పాటు ఆ నష్టమూ పెరుగుతుంది. పొదుపు కోసం పెట్టిన కన్వర్టరే తినడం మొదలుపెడుతుంది.

మూడోది, రెండు స్విచ్‌లను జంటగా నడిపి, ఒకదాని అల లేస్తుంటే రెండోదాని అల దిగేలా చేయడం. రెండూ సగం సగం సేపు కలిసి ఉండేటప్పుడు అలలు ఒకదాన్నొకటి పూర్తిగా చెరిపేసుకుంటాయి. మిగతా వోల్టేజీల దగ్గర కొంత మిగులుతుంది. దీనికి రెండు కాయిళ్లు కావాలి, అంటే మళ్లీ చోటు సమస్య.

నాలుగో దారిలో స్విచ్ వేగాన్ని స్థిరంగా ఉంచకుండా కావాలనే కాస్త అటూ ఇటూ మారుస్తారు. కల్లంలో కుప్ప పోసిన వడ్లను పలుచగా నెరిపినట్టు, నిటారు గీతలు విస్తరించి ఎత్తు తగ్గుతాయి. కానీ నెరిపినంత మాత్రాన గింజలు తగ్గవు. 4జీ రిసీవర్ వెడల్పైన చానెల్ మొత్తాన్నీ వింటుంది కాబట్టి, గీత రూపంలో వచ్చినా పరుచుకుని వచ్చినా లోపలికి చేరిన మొత్తమే దాన్ని బాధిస్తుంది. అందుకే ఇంకో అడుగు ముందుకేశారు. డెల్టా సిగ్మా మాడ్యులేషన్ అనే పద్ధతిలో స్విచ్ పడే, లేచే క్షణాలను లెక్క ప్రకారం ఎంచి, రిసీవర్ వినే దూరం దగ్గర మాత్రం రొద లోతుగా తగ్గేలా చేస్తారు. ఆ తగ్గిన పాలు ఎవరూ వినని చోట పెరుగుతుంది. ఈ రంగంలో చాలా ఉపాయాల గుట్టు ఇంతే: రొదను మాయం చేయడం కన్నా దానికి చోటు మార్చడం చవక.

ఎన్వలప్ ట్రాకింగ్‌తో ఈ పని మరీ కష్టమైంది. 4జీ సిగ్నల్ బలం ప్రతి క్షణం ఎగసిపడుతుంది. ఆ హెచ్చుతగ్గుల వెంటే వోల్టేజీని కూడా పరుగెత్తించడమే ఈ పద్ధతి; దాంతో ఇంకా ఆదా. ప్రసార సిగ్నల్‌లో ఆ హెచ్చుతగ్గులను విడదీసి, చివర్లో విద్యుత్ సరఫరా ద్వారా తిరిగి కలపవచ్చని లియొనార్డ్ కాన్ 1952లోనే చూపాడు. ఫోన్లలో ఇలాంటి ఆలోచన చిప్‌గా రూపుదిద్దుకున్నది 2013 ప్రాంతంలో. సెకనుకు కోట్ల సార్లు మారే వోల్టేజీని స్విచ్ ఒక్కటే అందుకోలేదు. అందుకే పక్కన చిన్న లీనియర్ ఆంప్లిఫయర్‌ను పెడతారు. నెమ్మదిగా మారే పెద్ద భారం స్విచ్‌ది, వేగంగా మారే చిన్న భాగం లీనియర్‌ది. స్విచ్ వదిలిన రిపుల్‌ను మింగడం కూడా లీనియర్ వంతే.

ఇక్కడ ఇబ్బంది ఏమిటంటే, ఎన్వలప్ ట్రాకింగ్ బాగా లాభించేది ఫోన్ గట్టిగా అరుస్తున్నప్పుడు, అంటే టవర్‌కు దూరంగా ఉన్నప్పుడు. టవర్ మాట అతి సన్నగా వినబడేదీ అప్పుడే. సగటు బలాన్ని మాత్రమే అనుసరించే మామూలు కన్వర్టర్‌కు అలాంటప్పుడు ఒక వెసులుబాటు ఉంది. పూర్తి వోల్టేజీ కావలసి వస్తే స్విచింగ్ ఆపేసి, బ్యాటరీని నేరుగా ఆంప్లిఫయర్‌కు కలిపేయగలదు. ఎన్వలప్ ట్రాకింగ్‌కు ఆ సదుపాయం లేదు.

5జీలో ఎక్కువగా వాడే 3500 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పంపడం, వినడం వంతులవారీగా సాగుతాయి. కనుక తన రొద తన చెవిన పడే బాధ అక్కడ తప్పుతుంది. కానీ అదే ఫోన్‌లో అదే సమయంలో 4జీ రిసీవర్ వింటూ ఉండొచ్చు, 1575 మెగాహెర్ట్జ్ దగ్గర జీపీఎస్ వింటూ ఉండొచ్చు. పైగా స్విచ్ దగ్గర నానోసెకన్లలో తెగి కలిసే కరెంటు గాలిలోకి నేరుగా కూడా రొదను వెదజల్లుతుంది. అందుకే ఇన్‌పుట్ కెపాసిటర్‌ను చిప్‌ను ఆనుకునేలా పెడతారు, కరెంటు తిరిగే చుట్టును వీలైనంత చిన్నది చేస్తారు, పైన లోహపు మూత వేస్తారు.

మరి ఎంత తగ్గిస్తే చాలు? దీనికి హద్దును ప్రకృతే గీసిపెట్టింది. గది ఉష్ణోగ్రతలో ఏ రిసీవర్‌లోనైనా వేడి వల్ల ఎలక్ట్రాన్లు కదులుతూ కొంత రొద చేస్తూనే ఉంటాయి. హెర్ట్జ్‌కు మైనస్ 174 డీబీఎం అని ఇంజినీర్లు కంఠస్థం చేసే సంఖ్య అదే. కన్వర్టర్ రొద రిసీవర్ దగ్గరికి చేరేసరికి దానికి బాగా దిగువకు వచ్చేస్తే పని ముగిసినట్టే. అంతకన్నా తగ్గించినా రిసీవర్‌కు తేడా తెలియదు; అందుకు ఖర్చయ్యే ప్రతి మిల్లీవాటూ బ్యాటరీకి నష్టమే.